తాళంచెవి ఆయన మరిచిపోలేదు

ఆ రోజు తాళంచెవి ట్రాక్టర్‌కి లేదు. నా చేతిలో ఉంది.

ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ నాన్నకీ కూడా. ఏడో క్లాసు నుంచి రోజూ డైరీ రాసుకుంటున్నాను, దానికీ చెప్పలేదు. ఆ రోజు పేజీలో "మావయ్య తాళంచెవి ట్రాక్టర్‌కే వదిలేసి మరిచిపోయారు. చెయ్యి నలిగిపోయింది" అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. నా డైరీల్లో తెలిసి రాసిన అబద్ధం అదొక్కటే. కొట్టేద్దామని పెన్ను తీసిన ప్రతిసారీ మళ్లీ మూత పెట్టేశాను.

మొన్న ఆదివారం సెక్టర్ 4 బజారులో వంకాయలు ఏరుతుంటే ఎవరో నన్నే చూస్తున్నట్టనిపించింది. ఆ మావయ్య కూతురు. ఒక్కసారే చూశాను ఆమెని, అయినా గుర్తుపట్టాను. ఆయనలాగే ఎడమ కనుబొమ్మ పైకెత్తి చూస్తుంది.

"నాన్న పోనాడండి. రెండు నెల్లు దాటింది. కబురంపుదామంటే మీ కోటరు నెంబరు తెలీలేదు" అంది.

నేను చేతిలో వంకాయని తిప్పుతూ నిలబడ్డాను.

"ఆ సెయ్యే తినేసిందండి ఆయన్ని. సలికాలమొస్తే నిద్దరుండీది కాదు. మా అమ్మ ఉన్నన్నాళ్లూ దెప్పీది, ఊరందరికీ జాగర్తలు సెప్పి నువ్వే తాళం మరిసిపోనావని. ఆయన నవ్వీవాడు. 'అవునే, మరిసిపోనాను' అనీవాడు. పోయే ముందు కూడా అదే మాట."

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. నోటిదాకా వచ్చింది. ఇంతలో వంకాయలమ్మే ఆవిడ "లేనా హై తో లో దీదీ, దబావో మత్" అని, కొంటే కొను, నొక్కొద్దని కసిరింది. కూతురు నవ్వేసి, సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. చెప్పడం నాకు చేతకాదు. రాయడం కొంచెం వచ్చు.

ఆయన పేరు నాకు తెలీదు. నాన్న, ఆయన స్నేహితులు "డ్రైవరు గారూ" అనేవారు. పొలం కూలీలు "డ్రైవర్ భయ్యా" అనేవారు. నేను మావయ్య అనేదాన్ని, అదీ మనసులోనే. పైకి ఒకే ఒక్కసారి పిలిచాను.

నాన్నా, ఆయన స్నేహితులు ముగ్గురూ కలిసి ఉతై రోడ్డు మీద నాలుగెకరాలు కొన్నారు. నలుగురూ ఉక్కు ప్లాంటులో పనిచేసేవాళ్లే. అటు విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. ఇనుము మధ్య ఎన్నేళ్లున్నా వాళ్లకి మట్టి మీద యావ పోలేదు. వేరుశనగ వేసేవారు, చలికాలంలో కూరగాయలు వేసేవారు. ఆదివారం వస్తే సైకిళ్ల మీద బయల్దేరేవారు. నన్ను నాన్న వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లేవాడు. ఇంట్లో ఉంటే మంచం దిగకుండా పుస్తకాలు చదువుతానని, గాలి తగలాలని. నేను తెలుగు సంఘం లైబ్రరీ నుంచి తెచ్చిన నవలని అన్నం డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్లి, గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని చదివేదాన్ని. గాలి మాత్రం తగిలేది.

దుక్కి రోజులొస్తే ఒక సేఠ్ దగ్గర నుంచి అద్దెకి ట్రాక్టర్ వచ్చేది. దాని వెనక టిల్లర్. అప్పట్లో ఆ చుట్టుపక్కల అదొక్కటే. అడ్డంగా ఒక ఇరుసు, దాని చుట్టూ కొడవళ్లలా వంగిన కత్తులు. ఇంజన్ బలంతో గిర్రున తిరుగుతూ నాగలి వారం రోజుల్లో చేసేదాన్ని ఒక పూటలో చేసి, గడ్డలన్నీ పిండి చేసేది. చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు చూడ్డానికి వచ్చేవారు. వాళ్లందరి ముందు ఆ యంత్రాన్ని తెచ్చి, దించి, తగిలించే మనిషి ఆయన.

పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఖాకీ నిక్కరు, చేతులు పొట్టిగా కత్తిరించిన చొక్కా. పని మొదలెట్టే ముందు ఆయన చేసేది ఎప్పుడూ ఒకటే వరస. మెడలో తువ్వాలు తీసి నా పక్కనున్న తుమ్మకొమ్మకి ముడేసేవారు. కుడి చేతి వేలికున్న వెండి ఉంగరం లాగి, ఒక పెద్ద ముల్లు చూసి దానికి తగిలించేవారు. తర్వాత నా వైపు తిరిగి, "నీ జడా, నా తువ్వాలూ ఒకటే దానికి. సుట్టుకుందంటే ఇడవదు. ఈ గట్టు దిగకు" అనేవారు. ప్రతిసారీ అదే మాట. నేను ప్రతిసారీ తలూపేదాన్ని.

టిల్లర్ తగిలించడం చంటిపిల్లాడికి చొక్కా తొడగడం లాంటిదని ఆయన అనేవారు. ట్రాక్టర్‌ని అంగుళం అంగుళం వెనక్కి తెచ్చి, ఇంజన్ ఆపి, దిగేవారు. ఇంజన్ నడుస్తుండగా ట్రాక్టర్‌కీ టిల్లర్‌కీ మధ్య నిలబడటం నేను ఒక్కసారి కూడా చూడలేదు. ట్రాక్టర్ వెనక కిందికి రెండు ఇనుప చేతులుంటాయి, పైన ఒకటి.

"ఎడం సెయ్యి ముందు. తరవాత కుడి సెయ్యి. తలకాయి ఆఖర్న. ముందు తలకాయి దూర్చీసేవనుకో, పిల్లడు ఏడుత్తాడు" అనేవారు మేకులు దిగ్గొడుతూ. ప్రతి మేకు చివరా అది ఊడకుండా చిన్న పిన్ను పెట్టేవారు. అన్నీ అయ్యాక, ట్రాక్టర్ నుంచి టిల్లర్‌కి తిరుగుడు అందించే కడ్డీని రెండు వైపులా తోసేవారు. టక్‌మని చప్పుడొచ్చేది.

నాన్న స్నేహితుల్లో ఒకాయన, ప్లాంటులో రోలింగ్ మిల్లు ఫోర్‌మన్, గట్టు మీంచి అరిచేవాడు. "టక్‌మంది కదా డ్రైవరు గారూ, ఇంక కానీండి."

"ఇనుము టక్కంటాది బాబూ. ఇనుము మాట నమ్మకూడదు. లాగి సూడాల."

రెండు చేతులతో పట్టుకుని గట్టిగా లాగి చూసేవారు. తర్వాత ఇంకోసారి. కడ్డీ మీద కప్పే రేకు సరిగా ఉందా అని దాన్నీ తట్టేవారు. రోజూ ఇనుము పోసి, సాగదీసి, కోసే నలుగురు మనుషుల ముందు నిలబడి ఇనుము మాట నమ్మొద్దనడం ఆయనకే చెల్లింది.

ఆ ఫోర్‌మన్ గారికి ఒకసారి ఒక ఆలోచన వచ్చింది. నేల గట్టిగా ఉంది, కత్తులు లోతుగా దిగడం లేదు, నేను టిల్లర్ మీద కూర్చుంటాను, బరువుకి దిగుతుంది అన్నాడు. ఆయన బరువు మాట నిజమే. మావయ్య ఇంజన్ ఆపేశారు.

"దిగుద్ది బాబూ. కత్తులూ దిగుతాయి, తవరూ దిగుతారు."

"మరీ ఇంత భయమైతే ఎలాగయ్యా? మొగాడివేనా?"

"భయం ఉండబట్టే బాబూ, ఇరవై ఏల్లూ ఉన్నాయి" అని చేతులు రెండూ చాచి చూపించారు. కాలివేళ్లు కూడా లెక్క అని చెప్పడానికి చెప్పులోంచి పాదం తీసి ఆడించారు. అందరూ నవ్వారు. ఫోర్‌మన్ గారు గట్టు మీదే కూర్చున్నాడు. ఆ రోజు మిగిలిన దుక్కంతా మావయ్య అదే నేలని రెండుసార్లు తిప్పి చేశారు.

ఇంజన్ స్టార్ట్ చేసే ముందు సీటు మీద నిలబడి చుట్టూ చూసి, "దూరం! హటో! దురిహా!" అని మూడు భాషల్లో కేకేసేవారు. తెలుగువాళ్లం మేము, హిందీ సేఠ్ మనుషులు, ఛత్తీస్‌గఢీ కూలీలు. ఎవరికీ అర్థం కాలేదనడానికి వీల్లేకుండా. ఆ తర్వాత మెల్లగా కత్తులు తిప్పి, మెల్లగా నేలకి ఆనించేవారు. చాలు చివర మలుపు తిరిగే ముందు టిల్లర్ పైకెత్తేవారు, తిరిగాక దించేవారు. నీళ్లు తాగడానికి దిగినా సరే దాన్ని నేలకి దించి గానీ దిగేవారు కాదు. "మనం దిగే ముందు దాన్ని దింపాల" అనేవారు. ఇవన్నీ నేను నవలలో వేలు పెట్టుకుని చూసేదాన్ని. నవల ఎంత బాగున్నా సరే.

ఇక తాళంచెవి సంగతి.

దుక్కి మధ్యలో కత్తులకి గడ్డో, పాత గోనెతాడో చుట్టుకునేది. అప్పుడు టిల్లర్ పైకెత్తి, దాని కింద పాత రైలు స్లీపర్ చెక్క పెట్టి, ఆయన కింద దూరి కొడవలితో కోసి తీయాలి. ఆ చెక్కని ఎప్పుడూ సీటు కింద కట్టి తెచ్చుకునేవారు. అలా దూరే ముందు ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి, గట్టు దగ్గరికి వచ్చి నా అరచేతిలో పెట్టేవారు.

మొదటిసారి ఇచ్చినప్పుడు ఫోర్‌మన్ గారు, "జేబులో వేసుకోవచ్చు కదా, పిల్ల చేతికెందుకు?" అని అడిగాడు.

"జేబుల ఉంటే నా ఒక్కడి బుర్రే కాపలా బాబూ. నాను కిందున్నప్పుడు నా బుర్ర కూడా కిందే ఉంటాది. ఇంకొకలి సేతిలో ఉంటే రెండు బుర్రలు."

"అయితే నాకివ్వు."

"తవరు నలుగురితో మాటాడతారు. ఈ పాప నోరిప్పదు." నా వైపు చూసి ఎడమ కనుబొమ్మ ఎత్తారు. "నోరిప్పనోల్లు సెయ్యి కూడా ఇప్పరు."

బళ్లో, ఇంట్లో, చుట్టాల్లో నేను నోరిప్పకపోవడాన్ని అందరూ లోపమనే చెప్పారు. దాన్ని చూసి నాకు ఒక పని అప్పగించిన మనిషి ఆయనొక్కరే. తాళంచెవికి ఒక ఎర్ర ఉన్నిదారం కట్టి ఉండేది. అది ఇచ్చేటప్పుడు ఆయన అనే మాట కూడా ఒకటే. "నానొచ్చి, నా సెయ్యి సాపి అడిగితేనే ఇయ్యి. ఎవులడిగినా ఇయ్యకు."

పని అయ్యాక వచ్చి, మట్టి చెయ్యి నిక్కరుకి తుడుచుకుని చాపేవారు. నేను ఇచ్చేదాన్ని. ఎనిమిదో క్లాసు నుంచి పదో క్లాసు మొదలయ్యేదాకా ఎన్నిసార్లు ఇచ్చి ఉంటానో. ఇంటికి వెళ్లాక అరచెయ్యి వాసన చూసుకునేదాన్ని. డీజిల్, ఇనుము.

పదో క్లాసు పుస్తకాలు కొన్న వారమే అది. వానలు ఇంకా పడలేదు. సేఠ్ బావమరిది ఆ రోజు మొదటిసారి పొలానికి మోటారుసైకిల్ మీద వచ్చాడు. సగం పొలం అయింది. పదకొండింటికి కత్తులకి గోనెతాడు చుట్టుకుంది. ట్రాక్టర్ గట్టుదారికి అడ్డంగా ఆగింది. మావయ్య చెక్క పెట్టి, తాళంచెవి నాకిచ్చి, మాట చెప్పి, కింద దూరారు. నాన్నా వాళ్లు అవతలి చివర బావి దగ్గర ఉన్నారు.

బావమరిది వెళ్లిపోవడానికి మోటారుసైకిల్ తిప్పాడు. దారికి ట్రాక్టర్ అడ్డు. హారన్ కొట్టాడు. చుట్టూ చూశాడు. మావయ్య టిల్లర్ అవతలి వైపు నేలని కరుచుకుని ఉన్నారు. ఇటునుంచి కనిపించరు. నా చేతిలో ఎర్ర దారం వేలాడుతోంది.

దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "చాబీ దే."

నేను లేచి నిలబడ్డాను.

"అరే చాబీ దే నా, దేర్ హో రహీ హై." ఆలస్యమవుతోందని చిటిక వేశాడు.

కింద మావయ్య ఉన్నారని చెప్పాలి. హిందీ నాకు తెలుగు కంటే బాగా వచ్చు. మూడే మాటలు. ఆ మూడూ లోపల వరసగా నిలబడ్డాయి, బయటికి రాలేదు. పెద్ద మనిషి, పరాయి మగవాడు, చెయ్యి చాపి ఉంచాడు, ఆ చెయ్యి అలాగే ఉంది. చాపిన చేతిలో వస్తువు పెట్టకుండా నిలబడటం నాకెవరూ నేర్పలేదు. పెట్టేశాను.

ఇచ్చాక గొంతు వచ్చింది. "నీచే" అన్నాను, కింద ఉన్నారని. అప్పటికి అతను సీటెక్కి కూర్చున్నాడు. ఇంజన్ చప్పుడులో ఆ మాట నాకే వినబడలేదు. ట్రాక్టర్ ఒక్క గెంతు ముందుకు గెంతింది. చెక్క దొర్లిపోయింది. అతని మోకాలు తగిలిందో, తెలియక లాగాడో, టిల్లర్ కిందికి దిగింది.

మావయ్య పెద్దగా అరవలేదు. "ఆపు బాబూ" అన్నారంతే, ఎవరో దారి తప్పి వెళ్తుంటే చెప్పినట్టు. బావి దగ్గరి వాళ్లు పరిగెత్తుకొచ్చి టిల్లర్ ఎత్తారు. కుడి చేతి మీద కత్తి దిగింది. నాన్న తుమ్మకొమ్మ మీది తువ్వాలు లాగి చేతికి చుట్టాడు.

"చాబీ గాడీ మేఁ హీ థీ" అన్నాడు బావమరిది. తాళం బండికే ఉంది, మనిషి ఉన్నాడని నాకేం తెలుసు అన్నాడు. ముఖం పాలిపోయింది. నా వైపు చూడలేదు.

మావయ్య చూశారు. నేను గట్టు మీదే ఉన్నాను. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఆయన వాటిని చూశారు, తర్వాత నా ముఖం చూశారు. నొప్పికి పెదాలు కొరుక్కుంటూనే, "అవును బాబూ" అన్నారు. "నానే మరిసిపోనాను."

ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. మూడోది ఉంది గానీ వంగదు. ఆ ఆదివారమే చీకటి పడేలోపు నేను డైరీ రాశాను. ఆయన చెప్పిన మాటే రాశాను.

తర్వాతి వారం సేఠ్ మా కోటరుకి వచ్చాడు. చెడ్డవాడు కాదు. ముందు గదిలో కూర్చుని, ఇన్నేళ్ల డ్రైవరు, ఒక్క దెబ్బ లేకుండా నడిపాడు, అతను తాళం వదిలేశాడంటే నాకు నమ్మకం కుదరడం లేదు అన్నాడు. తప్పు అతనిది కాదని తెలిస్తే చెయ్యి మానాక మళ్లీ పెట్టుకుంటాను, అతనిదే అయితే బండి అప్పగించలేను అన్నాడు. అంతా హిందీలో. నేను మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలో ఉన్నాను.

"బేటీ తో వహీఁ థీ నా?" అన్నాడు నన్ను చూసి. "తూనే కుఛ్ దేఖా, బేటీ?" అక్కడే ఉన్నావు కదా, ఏమైనా చూశావా అని.

నాన్న నవ్వాడు.

"ఇస్‌కో క్యా మాలూమ్, సేఠ్‌జీ. కితాబ్ మేఁ ముండీ డాల్‌కే బైఠ్‌తీ హై. పుస్తకంలో తల పెట్టిందంటే నెత్తి మీద పిడుగు పడినా తెలీదు దీనికి." చివరి మాట తెలుగులో, నాకోసం అన్నాడు.

నాన్న నాకు తలుపు తీసిపెట్టాడు. నేను అందులోంచి వెళ్లిపోయాను. గ్లాసు బల్ల మీద పెట్టి, లోపలికెళ్లి, వంటింట్లో అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలిచాను. సేఠ్ చెప్పులు తొడుక్కున్న చప్పుడు వినబడింది. అప్పుడు కూడా లేవొచ్చు. వీధి చివరిదాకా నడిచే వెళ్లాడు, కారు అక్కడ పెట్టాడు. అంత దూరం ఉంది.

ఆ తర్వాత ఆదివారం ఫోర్‌మన్ గారు గట్టు మీద కూర్చుని, "శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది" అన్నాడు. నాన్న కూడా "పాపం" అంటూనే నవ్వాడు. టిల్లర్‌కి కొత్త డ్రైవరు వచ్చాడు. ఇంజన్ నడుస్తుండగానే వెనక్కెళ్లి మేకులు సరిచేసేవాడు. తాళంచెవి ఎవరికీ ఇచ్చేవాడు కాదు. నేను నవల తీసుకెళ్లడం మానేశాను, కొన్నాళ్లకి వెళ్లడమే మానేశాను.

ఆయన్ని మళ్లీ చూసింది ఆరేళ్లకి, నేను దుర్గ్ కాలేజీలో చివరి ఏడు చదువుతున్నప్పుడు. జాముల్ వైపు ఒక కలప డిపోలో కాపలా పని చేస్తున్నారని నాన్న మాటల్లో విన్నాను. డైరీలో ఒక పేజీ నిండా చెప్పవలసింది రాసి, కొట్టేసి, నాలుగు వాక్యాలకి కుదించి, బట్టీ పట్టాను. సైకిల్ మీద బయల్దేరాను. దారంతా ఆ నాలుగు వాక్యాలే పెడల్ తిప్పుతూ అనుకున్నాను.

పెంకుటిళ్ల వరసలో చివరి గది. ఆయన గుమ్మంలో నిలబడి డ్యూటీ చొక్కా తొడుక్కుంటున్నారు. ముందు కుడి చెయ్యి. మిగిలిన వేళ్లు చొక్కా చేతిలో ఇరుక్కోకుండా ఎడమ చేత్తో మెల్లగా లాగారు. వెండి ఉంగరం ఎడమ చేతికి మారింది.

నన్ను చూసి కనుబొమ్మ ఎత్తారు. "పాపేనా? ఎంత పెద్దదానివైపోనావు. రా, కూకో." నా చూపు చొక్కా మీద ఉందని గమనించారు. "ఇప్పుడు కుడి సెయ్యి ముందు, పాప. పిల్లడు ఏడవకుండా ఏది ముందో అదే ముందు."

నవ్వారు. నేను నవ్వలేకపోయాను. మొదటి వాక్యం మొదలెట్టాను. "మావయ్యా, ఆ రోజు..."

"ఏ రోజు?" అన్నారు తొందరగా. బొత్తాం పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నారు. సాయం చెయ్యబోయాను, వద్దన్నట్టు తిరిగారు. "సదువెలాగుంది? పుస్తకాలు ఇంకా సదువుతన్నావా? ఏటి సదువుతన్నావు ఇప్పుడు?"

చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. బొత్తాలన్నీ పెట్టుకునేసరికి డిపోకి వేళయిందన్నారు. రెండింటికి షిఫ్టు. కూతురు నూనెమిల్లులో పని నుంచి సాయంత్రం వస్తుంది. గదికి తాళం వేశారు. లాగి చూశారు. ఇంకోసారి లాగి చూశారు.

"రోజూ పక్కింటామెకి ఇచ్చి పోతాను. ఇయేల నువ్వున్నావు కదా" అని తాళంచెవి తీసి నా అరచేతిలో పెట్టారు.

నాలుగు వాక్యాలూ పోయాయి. ఆయనకి తెలుసు, నాకు తెలుసు, ఆ తాళంచెవి మా ఇద్దరి మధ్య ఉంది. చెప్పడానికి వచ్చినదాన్ని, వేళ్లు ముడుచుకుని నిలబడ్డాను. ఆయన క్షమించి ఇచ్చారా, మామూలుగానే ఇచ్చారా, అసలేమీ అనుకోలేదా, ఇప్పటికీ తెలీదు. అడిగి ఉంటే తెలిసేది. అడిగే మనిషినైతే అసలు ఆ అవసరమే వచ్చేది కాదు.

ఆ సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చున్నాను. నాలుగింటికి పక్కింటామె వచ్చి, లోపల తన చేట ఉండిపోయిందనీ, తాళంచెవి ఇచ్చి ఇంటికెళ్లమనీ చెయ్యి చాపింది. ఇవ్వనన్నాను. రోజూ నా దగ్గరే ఉంటుంది కదా, నేనేం దొంగనా, అంది హిందీలో, నడుము మీద చెయ్యి వేసుకుని. అయినా ఇవ్వనన్నాను. ఈసారి మాట బయటికి వచ్చింది. ఆమె వీధిలో అందరికీ నన్ను చూపించి చెప్పుకుంది. కూతురు వచ్చాక విని, "ఆమెకి ఇచ్చీవచ్చు కదండీ" అని పడీపడీ నవ్వింది. తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, సైకిలెక్కి వచ్చేశాను. ఇంకోసారి వెళ్లి చెబుదామనుకున్నాను. రెండేళ్లు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం తాళంచెవి నాకిచ్చి డ్యూటీకి వెళ్తూ ఆయన వీధి మలుపు దాకా నడిచారు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి, నా పిడికిలి వైపు చూశారు.

"మా పాపొచ్చి, సెయ్యి సాపి అడిగితేనే ఇయ్యి. ఎవులడిగినా ఇయ్యకు" అన్నారు. రెండడుగులు వేసి మళ్లీ ఆగారు.

"నువ్వియ్యవులే. నాకు తెలుసు."